జింక వేటకు మొదటి కాంపౌండ్ బో: ముందు మీ కొలతలు, తర్వాతే విల్లు

షాపులో కాంపౌండ్ బో (రెండు కొసల్లో చక్రాలుండే విల్లు) పక్కన పెద్ద అంకెల్లో కనిపించేది వేగం. సెకనుకు 330 అడుగులు, 345 అడుగులు అని ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లలో చాలామంది ఆ అంకె చూసే మనసు పారేసుకుంటారు. ఆ వేగం మీ చేతుల్లో వచ్చేది కాదు. నారి లాగడానికి 70 పౌండ్ల బలం, 30 అంగుళాల లాగుడు (నారిని వెనక్కి లాగే దూరం), 350 గ్రెయిన్ల (బాణాల బరువు కొలిచే చిన్న కొలమానం) తేలికపాటి బాణం పెట్టి కొలిచిన లెక్క అది. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి కుదిరే లాగుడు 27 అంగుళాల దగ్గర ఉంటుంది. మొదటి ఏడాది ఒళ్లు నొప్పి లేకుండా లాగగలిగే బలం చాలామందికి 50 పౌండ్లు దాటదు. కాబట్టి విల్లు ఎంచుకోవడం మీ ఒంటి కొలతలతో మొదలుకావాలి. వేగం గురించి చివర్లో ఆలోచించినా నష్టం లేదు.

ఈ మార్గదర్శి అమెరికాలో ఉంటూ తెల్లతోక జింక వేటకు విల్లు కొనాలనుకునేవారి కోసం. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువుల వేట నేరం, విల్లుతో చేసినా నేరమే. బ్రిటన్‌లోనూ విల్లుతో వేట నిషిద్ధం. ఆంధ్ర, తెలంగాణల్లో కాంపౌండ్ బో పడితే అది లక్ష్యక్రీడ కోసమే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ఆడేది కాంపౌండ్‌తోనే. అయితే ఆ పోటీ విల్లు వేరు, వేట విల్లు వేరు. పోటీ విల్లు పొడుగ్గా, బరువుగా, కదలకుండా నిలిచేలా ఉంటుంది. వేట విల్లు చెట్ల కొమ్మల మధ్య, ఇరుకు గుడారంలో తిప్పడానికి వీలుగా పొట్టిగా ఉంటుంది. పోటీ విల్లు చౌకగా దొరికిందని దాంతో అడవికి వెళితే మొదటి రోజే ఇబ్బంది తెలుస్తుంది.

కొనేముందు రాష్ట్ర నిబంధనలు చదవండి

ఇది చివర్లో చూసుకునే పని కాదు, ఎందుకంటే నిబంధనే కొన్ని విల్లులను పక్కన పెట్టేస్తుంది. ఉదాహరణకు కొలరాడోలో వేట విల్లుకు కనీసం 35 పౌండ్ల బలం ఉండాలి, లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక చేతి మీద ఎంత శాతం బరువు తగ్గుతుందన్నది) 80 శాతం మించకూడదు. ఇప్పుడు వస్తున్న చాలా విల్లులు 85, 90 శాతం లెట్-ఆఫ్‌తో వస్తున్నాయి. అక్కడికి వెళ్లే ఆలోచన ఉంటే ఆ శాతాన్ని తగ్గించే వీలున్న మోడలే తీసుకోవాలి. విల్లుకు దీపం, బ్యాటరీతో నడిచే సైటు (గురిచూసే పరికరం) పెట్టుకోవచ్చా లేదా అన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ కోర్సు) తప్పనిసరి. లైసెన్సుతోపాటు ఆర్చరీ ఎండార్స్‌మెంట్ (విల్లుతో వేటకు అదనపు అనుమతి) కూడా తీసుకోవాలి. న్యూజెర్సీలో విల్లుతో వేటకు విడిగా ఆర్చరీ కోర్సు పూర్తి చేయాలి. హెచ్-1బీ వీసాపై ఉన్నవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: విల్లు కొనుక్కోవచ్చా? ఫెడరల్ చట్టం చెప్పే తుపాకుల నిర్వచనంలోకి విల్లు రాదు. కాబట్టి వీసాదారుల తుపాకులపై ఉన్న ఆంక్ష దీనికి వర్తించదు. అయితే ఊరి నిబంధనలు వేరుగా ఉంటాయి. ఇంటి పెరట్లో బాణం వేయడాన్నే నిషేధించిన పట్టణాలు చాలా ఉన్నాయి.

మొదటి అడుగు: ఏ కన్ను?

చేతివాటం కన్నా కంటివాటం ముఖ్యం. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, రెండు కళ్లూ తెరిచే దూరంగా ఉన్న గడియారం లాంటి వస్తువును ఆ సందులోంచి చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. వస్తువు ఇంకా కనిపిస్తుంటే మీది కుడికన్ను వాటం. కనిపించకుండా పోతే ఎడమకన్ను వాటం.

కుడికన్ను వాటమైతే కుడి విల్లు కొనాలి. అంటే కుడిచేత్తో నారి లాగి, ఎడమచేత్తో విల్లు పట్టుకునేది. కుడిచేతి వాటం, ఎడమకన్ను వాటం కలిసినవాళ్లు మొదట్లోనే ఎడమ విల్లుకు అలవాటుపడటం మంచిది. మొదటి రెండు వారాలు చెయ్యి మొండికేస్తుంది, తర్వాత కుదురుకుంటుంది. అది ఏమాత్రం సాధ్యం కాకపోతే ఎడమ కన్ను మూసి వేయడం రెండో దారి.

రెండో అడుగు: డ్రా లెంగ్త్ (లాగుడు పొడవు)

మొత్తం ఎంపికలో ఇంతకు మించిన విషయం లేదు. వెదురు విల్లునో రికర్వ్‌నో (చక్రాలు లేని, కొసలు ముందుకు వంగిన విల్లు) ఎంత లాగితే అంత సాగుతుంది. కాంపౌండ్ అలా కాదు. కామ్ (విల్లు కొసన ఉండే చక్రం) తిరగడం పూర్తయ్యాక గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. ఆ ఆగే చోటు మీ ఒంటికి సరిపోవాలి. అర అంగుళం తేడా వచ్చినా గురి దెబ్బతింటుంది.

కొలిచే పద్ధతి: గోడకు వీపు ఆనించి, చేతులు పక్కలకు చాచి నిలబడండి. సాగదీయవద్దు, సహజంగా చాచండి. ఒక చేతి మధ్యవేలి కొస నుంచి ఇంకో చేతి మధ్యవేలి కొస దాకా అంగుళాల్లో కొలిపించుకోండి. దాన్ని 2.5తో భాగించండి. 67 అంగుళాలు వస్తే 26.8. అంటే 26.5 లేదా 27 దగ్గర మొదలుపెట్టాలి. ఏది తీసుకోవాలో తేలకపోతే తక్కువదే తీసుకోండి. లాగుడు కొంచెం తక్కువగా ఉన్న విల్లుతో గురి కుదురుతుంది గానీ లాగుడు ఎక్కువైన విల్లుతో కుదరదు.

ఈ లెక్క మొదటి అంచనా మాత్రమే. అసలు తీర్పు పూర్తిగా లాగి నిలబడినప్పుడు తెలుస్తుంది. ఎవరినైనా పక్కనుంచి ఫోటో తీయమనండి. నారి ముక్కు కొసను తాకాలి, పెదవి మూలకు ఆనాలి. తల నిటారుగా ఉండాలి. నారి లాగే మోచెయ్యి బాణానికి సమాంతరంగా, లేదంటే కాస్త పైగా ఉండాలి.

డ్రా లెంగ్త్ ఎక్కువైతే తల వెనక్కి వాలుతుంది, నడుము వెనక్కి వంగుతుంది, విల్లు పట్టిన మోచెయ్యి బిగుసుకుపోతుంది, నారి ముంజేతిని చరుస్తుంది. ముంజేతి మీద నీలంగా కమిలిన మచ్చలు చూసి చాలామంది ఆర్మ్‌గార్డ్ (ముంజేతికి తొడిగే రక్షణ పట్టీ) కొంటారు. అది రోగం వదిలేసి గుర్తుకు మందు పూయడమే. సరిచేయాల్సింది లాగుడు పొడవును. డ్రా లెంగ్త్ తక్కువైతే తల ముందుకు వంచి నారిని వెతుక్కోవాల్సి వస్తుంది. చెయ్యి ప్రతిసారీ దవడ మీద వేరే చోట ఆనుతుంది.

ఇంకో చిక్కు: నారికి కట్టే చిన్న తాడు ఉచ్చు డి-లూప్, దాన్ని పట్టి లాగి వదలడానికి చేతికి కట్టుకునే రిలీజ్ పట్టీ రెండూ చెయ్యి ఆనే చోటును వెనక్కి జరుపుతాయి. ఫోటోలో నారి ముక్కు దగ్గర సరిగ్గా ఉండి, చెయ్యి మాత్రం చెవి దాటి పోతుంటే విల్లు లాగుడు పొడవు మార్చకండి. రిలీజ్ పట్టీని బిగించి పొట్టి చేయండి.

మూడో అడుగు: డ్రా వెయిట్ (నారి లాగడానికి పట్టే బలం)

70 పౌండ్లు లాగితేనే మగాడనే మాట చాలా షాపుల్లో, రేంజిల్లో వినిపిస్తుంది. దాన్ని చెవిన పెట్టకండి. భుజం కీలులోని కండరాలు ఒకసారి చిరిగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. రోజంతా కీబోర్డు ముందు భుజాలు ముందుకు వంచి కూర్చునేవాళ్లకు నారి లాగే వీపు కండరాలు అసలే బలహీనంగా ఉంటాయి.

సరైన బరువు తెలుసుకునే పరీక్ష తేలిక. కుర్చీలో కూర్చోండి. రెండు పాదాలూ నేల మీంచి కాస్త ఎత్తండి. విల్లును ఎదురుగా, లక్ష్యం ఎత్తులోనే పట్టుకుని నారి నేరుగా వెనక్కి లాగండి. విల్లును ఆకాశం వైపు ఎత్తి కిందికి దించుతూ లాగితే తప్ప రావడం లేదంటే బరువు మీకు ఎక్కువ. అడవిలో అలా చేస్తే జింక కదలికను చూస్తుంది. చెయ్యి జారితే బాణం ఎటు పోతుందో చెప్పలేం. లాగిన తర్వాత అరనిమిషం నిలపండి, తర్వాత నెమ్మదిగా వదలకుండా ముందుకు తీసుకురండి. ఈ దించడం కూడా పరీక్షలో భాగమే. జింక కదలక చెట్టు చాటున నిలబడిపోతే మీరు చేయాల్సింది అదే. లెట్-ఆఫ్ ఎక్కువగా ఉన్న విల్లులో దించేటప్పుడు బరువంతా ఒక్కసారిగా మీద పడుతుంది.

పెద్ద మగవాళ్లు 45 నుంచి 55, ఆడవాళ్లు 35 నుంచి 45 పౌండ్ల మధ్య మొదలుపెట్టవచ్చు. చలికాలం ఉదయం రెండు గంటలు కదలకుండా కూర్చున్న తర్వాత, మందపాటి కోటుతో, అదే బరువు అయిదు పౌండ్లు పెరిగినట్టు అనిపిస్తుంది. ఆ రోజును మనసులో పెట్టుకుని నిర్ణయించండి.

కొనేటప్పుడు విల్లు మీద రాసిన గరిష్ఠ బరువు చూడండి. 70 పౌండ్ల విల్లు మామూలుగా 60 దాకా మాత్రమే దిగుతుంది. మీకు 50 కావాలంటే గరిష్ఠం 50 లేదా 60 ఉన్నది తీసుకోవాలి. లింబ్‌లను (విల్లులో వంగే పై, కింది భాగాలు) పట్టి ఉంచే బోల్టులను అలెన్ కీతో తిప్పి బరువు తగ్గిస్తారు. పైబోల్టు ఎన్ని చుట్లు తిప్పితే కిందిబోల్టూ సరిగ్గా అన్నే తిప్పాలి. తయారీదారు చెప్పిన చుట్ల సంఖ్య దాటితే లింబ్ ఊడి ముఖం మీదికి వస్తుంది. ఈ ఒక్క హెచ్చరికను మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

ఎక్కువ పరిధిలో మార్చుకునే విల్లులు కొత్తవారికి బాగా ఉపయోగం. డైమండ్ ఇన్ఫినిట్ ఎడ్జ్ ప్రో 13 నుంచి 31 అంగుళాల దాకా, 5 నుంచి 70 పౌండ్ల దాకా మారుతుంది. బేర్ క్రూజర్ జీ3 14 నుంచి 30 అంగుళాలు, 10 నుంచి 70 పౌండ్లు. భార్యాభర్తలు ఒకే విల్లు మీద నేర్చుకోవచ్చు, ఎదిగే పిల్లలకూ సరిపోతుంది. బదులుగా పోగొట్టుకునేది కొంత మెత్తదనం, కొంత వేగం. మొదటి విల్లుకు అది నష్టమే కాదు. మాథ్యూస్ లాంటి కొన్ని కంపెనీల విల్లుల్లో డ్రా వెయిట్, డ్రా లెంగ్త్ మాడ్యూల్‌ను (కామ్‌కు బిగించే చిన్న భాగం) బట్టి నిర్ణయమవుతాయి. కొలత మారితే కొత్త మాడ్యూల్ కొనాలి. ఆ ఖర్చెంతో ముందే అడగండి.

కాగితం మీద చూడాల్సిన మిగతా అంకెలు

యాక్సిల్ టు యాక్సిల్, అంటే పైకామ్ ఇరుసు నుంచి కిందికామ్ ఇరుసు దాకా పొడవు. వేటకు 30 నుంచి 33 అంగుళాలు చక్కని కొలత. అంతకన్నా పొట్టిది తేలిగ్గా తిరుగుతుంది గానీ చెయ్యి ఏమాత్రం వణికినా ఆ వణుకు బాణంలో కనిపిస్తుంది. 29 అంగుళాలు పైబడి లాగే పొడుగాటివాళ్లు 32 కన్నా తక్కువ తీసుకోవద్దు. నారి మరీ పదునైన కోణంలో వంగి పీప్ (గురిచూడటానికి నారిలో కట్టే చిన్న రంధ్రపు బిళ్ల) కంటికి దూరమవుతుంది.

బ్రేస్ హైట్ అంటే లాగనప్పుడు పిడి లోపలి అంచు నుంచి నారి దాకా దూరం. 6 అంగుళాలున్న విల్లు వేగంగా కొడుతుంది, ఎందుకంటే నారి బాణాన్ని ఎక్కువ దూరం నెడుతుంది. అదే కారణంగా మీ చేతి పొరపాటుకు కూడా ఎక్కువ అవకాశం ఇస్తుంది. మొదటి విల్లుకు 6.5 నుంచి 7 అంగుళాలు మేలు.

లెట్-ఆఫ్ 80 శాతం అంటే 50 పౌండ్ల విల్లును పూర్తిగా లాగాక చేతిలో నిలిచేది 10 పౌండ్లే. 1966లో మిస్సోరీవాసి హోలెస్ ఆలెన్ పేటెంటుకు దరఖాస్తు చేసిన కాంపౌండ్ బో ప్రత్యేకతంతా ఇందులోనే ఉంది. 80, 85లలో ఏదైనా హాయిగానే ఉంటుంది.

ఇప్పుడు వేగం. డ్రా లెంగ్త్ ఒక అంగుళం తగ్గితే సెకనుకు సుమారు 10 అడుగులు తగ్గుతాయి. ఒక పౌండు తగ్గితే దాదాపు 2 అడుగులు. బాణం 3 గ్రెయిన్లు పెరిగితే ఒక అడుగు. 330 అని రాసిన విల్లును 27 అంగుళాలు, 50 పౌండ్లు, 400 గ్రెయిన్ల బాణంతో వేస్తే 30, 40, 17 పోయి, పీప్, డి-లూప్ బరువుకు ఇంకో 8 పోయి 235 మిగులుతుంది. చాలుతుందా? బాణం బరువును వేగం వర్గంతో గుణించి 450240తో భాగిస్తే శక్తి వస్తుంది. ఇక్కడ అది 49 ఫుట్ పౌండ్లు. పదునైన మొనతో, 20 గజాల దూరంలో జింకకు ఇది పుష్కలం.

వేగం పెంచితే జింక తప్పించుకోదని అంటారు. 20 గజాలంటే 60 అడుగులు. సెకనుకు 250 అడుగుల బాణానికి అక్కడికి చేరడానికి 0.24 సెకను పడుతుంది, 300 అడుగుల బాణానికి 0.20. నారి చప్పుడు మాత్రం 0.05 సెకనులో జింక చెవిన పడుతుంది. రెండు బాణాల కన్నా చప్పుడే ముందు. అందుకే వేగవంతమైన విల్లు కన్నా నిశ్శబ్దమైన విల్లు మేలని గట్టిగా చెబుతున్నాం.

షాపులో

ఆన్‌లైన్‌లో వందో రెండు వందలో డాలర్లు మిగులుతాయి. కానీ బో ప్రెస్ (నారి విప్పడానికి విల్లును వంచి పట్టే యంత్రం) ఉన్న ఆర్చరీ షాపులో కొంటే డ్రా లెంగ్త్ సరిచేయడం, పీప్ కట్టడం, పేపర్ ట్యూనింగ్ (కాగితంలోంచి బాణం వేసి, చిరుగును చూసి విల్లును సరిచేయడం) చాలాచోట్ల ధరలోనే కలిసి వస్తాయి. మొదటి విల్లు షాపులోనే కొనండి.

కనీసం మూడు విల్లులు ఒకే డ్రా లెంగ్త్‌లో, ఒకే బరువులో పెట్టించుకుని వేసి చూడండి. లాగేటప్పుడు బరువు నున్నగా పెరుగుతోందా, మధ్యలో గుద్దినట్టు వస్తోందా? చివర గోడ గట్టిగా తగులుతోందా, దూదిలా ఉందా? నిలిపి ఉంచినప్పుడు కాస్త సడలిస్తే నారి ముందుకు లాక్కుపోతోందా? వదిలాక పిడిలో ఎంత అదురు? ఒక్కో విల్లుతో పది బాణాలైనా వేయనిదే తేడా తెలియదు. అలసిపోయాక వేసిన విల్లు అన్యాయంగా ఓడిపోతుంది, అందుకని మధ్యలో విశ్రాంతి తీసుకోండి.

బాణం లేకుండా నారి లాగి వదలవద్దు. బాణంలోకి వెళ్లాల్సిన శక్తంతా లింబ్‌ల్లోకి, కామ్‌ల్లోకి తిరిగి కొడుతుంది. లింబ్ చీలవచ్చు, కామ్ వంగవచ్చు, నారి తెగి కంటికి తగలవచ్చు. స్నేహితుడి చేతికి ఇచ్చేముందు ఈ ముక్క చెప్పే ఇవ్వండి.

తోడు సామాను

రిలీజ్ ఎయిడ్ మీద డబ్బు పెట్టండి. మణికట్టుకు కట్టి, చూపుడువేలితో నొక్కేది మొదటి ఏడాదికి తగినది. ట్రిగ్గర్ వేలి మొదటి, రెండో గీతల మధ్య పడాలి. వేలితో టక్కున గుంజడం అలవాటైతే వదిలించుకోవడం కష్టం. వేలు ఆనించి వీపు కండరం బిగిస్తూ ఉండగా విడిపోవాలి.

సైటుకు మూడు పిన్నులు (ఒక్కో దూరానికి ఒక్కో గురి చుక్క) చాలు: 20, 30, 40 గజాలు. అయిదు పిన్నులుంటే జింకను చూసిన ఉద్వేగంలో తప్పు పిన్ను పెడతారు. పీప్ 3/16 అంగుళం ఎక్కువమంది వాడతారు. జింకలు తిరిగేది తెల్లవారుజామున, సంధ్యవేళ కాబట్టి మసక వెలుతురులో చూపు తక్కువవారికి 1/4 మేలు.

బాణం ఆనే రెస్టుకు మొదట్లో విస్కర్ బిస్కట్ లాంటిది తీసుకోండి. కుచ్చు మధ్యలో బాణం ఎటు వంచినా పడిపోదు. వేగం కొద్దిగా తగ్గుతుంది, ఈకలు త్వరగా అరుగుతాయి, అంతే. కిందికి పడే రెస్టు ఇంకా మంచిదే. దాని తాడు సమయం సరిగ్గా కుదరకపోతే మాత్రం ఈక తగిలి బాణం దారి తప్పుతుంది.

బాణాలు, మొనలు

బాణం బిగువును స్పైన్ అంటారు. బాణాన్ని 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద ఉంచి, మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే 0.400 అంగుళం వంగేది 400 స్పైన్. అంకె పెరిగే కొద్దీ బాణం మెత్తన. 50 పౌండ్లు, 27 అంగుళాలకు సాధారణంగా 500, 400లలో ఒకటి వస్తుంది. బాణం పొడవు, మొన బరువు కూడా చేర్చి తయారీదారు పట్టికలో చూడండి. తేల్చుకోలేకపోతే గట్టిదాన్ని ఎంచుకోండి. మెత్తని కార్బన్ బాణం వదిలే క్షణంలో విరిగి చేతిలో దిగబడే ప్రమాదం ఉంది. వేసేముందు ప్రతి బాణాన్నీ చెవి దగ్గర పెట్టి వంచి చూడండి. చిటపట వినిపిస్తే విరిచి పారేయండి.

మొత్తం బరువు ఒక్కో పౌండుకు 5 గ్రెయిన్లకు తగ్గకూడదు. వేటకు 7, 8 ఉంటే విల్లు నిశ్శబ్దంగా కొడుతుంది, బాణం లోతుగా దిగుతుంది. 50 పౌండ్లకు 350 నుంచి 400 అన్నమాట.

మొనల్లో 100 గ్రెయిన్ల స్థిరమైన బ్లేడు బ్రాడ్‌హెడ్ (పదునైన బ్లేడులుండే వేట మొన) తీసుకోండి. తగిలాక విచ్చుకునే మొనలు విచ్చుకోవడానికే కొంత శక్తి తింటాయి. 50 పౌండ్ల విల్లుకు ఆ ఖర్చు అనవసరం. సీజన్ ముందు బ్రాడ్‌హెడ్‌తోనూ వేసి చూడాలి. సాధన మొన ఒకచోట, బ్రాడ్‌హెడ్ ఇంకోచోట పడుతుంటే సైటు ముట్టుకోకుండా రెస్టును బ్రాడ్‌హెడ్ చేరాల్సిన వైపుకు 1/32 అంగుళం చొప్పున జరపండి. గోనెసంచి లక్ష్యం మీద బ్రాడ్‌హెడ్ వేస్తే అది చీలిపోతుంది, ఫోమ్ లక్ష్యం వాడండి.

పాత విల్లు కొంటే

కొత్త ప్యాకేజీ విల్లు రెస్టు, సైటుతో సహా సుమారు 400 నుంచి 600 డాలర్లు. అగ్రశ్రేణి విల్లు ఒంటిగానే 1200 దాటుతుంది. అందుకే పాతవాటికి గిరాకీ. దూది ఉండను లింబ్‌ల అంచుల వెంబడి రుద్దండి. పోగులు చిక్కుకున్న చోట పగులు ఉన్నట్టే, ఆ విల్లు వద్దు. కామ్ అంచుల్లో గంట్లు, వంకర చూడండి. నారి పీచులేస్తుంటే కొత్తది వేయించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. కంపెనీ వారంటీ సాధారణంగా మొదటి యజమానికే పరిమితం. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ డ్రా లెంగ్త్‌కు ఆ విల్లు మారుతుందా, దానికి కావాల్సిన మాడ్యూల్ ఇంకా దొరుకుతోందా అని కనుక్కున్నాకే డబ్బు తీయండి.

కొన్నాక, సీజన్‌కు ముందు

కనీసం మూడు నెలలు చేతిలో ఉంచుకుని కొనండి. టెక్సస్‌లో ఆర్చరీ సీజన్ సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో తెరుచుకుంటుంది, కాబట్టి జూన్ దాటనివ్వకండి. మొదటి రెండు వారాలు 5 గజాల నుంచి, రోజుకు 20, 30 బాణాలు మించకుండా, గురి కన్నా భంగిమ మీద మనసు పెట్టి వేయండి. తర్వాత 10, 20 గజాలు. కొత్త నారి మొదటి వంద, రెండు వందల బాణాలకు కొంచెం సాగుతుంది. పీప్ తిరిగిపోతుంది, బాణాలు కిందో పైనో పడతాయి. అప్పుడు షాపుకు వెళ్లి మళ్లీ సరిచేయించుకోవాలి. వేసవిలో కారులో విల్లు వదిలేయవద్దు. ఎండలో కారు వేడికి నారి సాగి, లింబ్ పొరలు విడిపోతాయి. నారికి రెండు మూడు వారాలకోసారి మైనం రాయండి.

నిలబడే కాదు, కూర్చుని, మోకాళ్ల మీద, వేట కోటు తొడుక్కుని కూడా వేసి చూడండి. చెట్టు మచాన్ మీంచి వేటాడేవారు నేల వదిలిన క్షణం నుంచి దిగేదాకా హార్నెస్ (పడిపోకుండా ఒంటిని చెట్టుకు కట్టి ఉంచే పట్టీలు) కట్టుకునే ఉండాలి.

జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వృత్తం. ఒళ్లు వేడెక్కకముందు, రోజులో మొదటి బాణం ఆ వృత్తంలో పడే దూరమే మీ వేట దూరం. పదో బాణం, ఇరవయ్యో బాణం లెక్కలోకి రావు. పది వేర్వేరు రోజులు మొదటి బాణాన్ని మాత్రమే రాసి పెట్టుకోండి. పదికి పది 20 గజాల్లో పడి, 30లో రెండు తప్పితే ఈ ఏడాది 30 గజాల పిన్నుతో జింక మీద బాణం వేయకండి. పక్కకు తిరిగి నిలబడిన జింక, లేదా మీకు కాస్త వీపు తిప్పి నిలబడిన జింక మీదే వేయండి. ఎదురుగా మిమ్మల్నే చూస్తున్నదాన్ని వదిలేయండి.